ఆరు ఇస్పేట్లు, మూడు దారులు: బైరాగిపట్టెడ బల్ల మీద ఒక స్లామ్

ఇది బ్రిడ్జ్ ఆటలో ఒక చేయి కథ: ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒక జంట, ఒక్కొక్కరికి పదమూడు ముక్కలు, నలుగురూ ఒక్కో ముక్క వేస్తే ఒక ట్రిక్కు. ముందు ముక్కలు చూపిస్తాను. వీలైతే కిందికి పోకుండా రెండు నిమిషాలు ఆగి, మీరైతే ఎలా ఆడతారో అనుకోండి.

డమ్మీ (ఉత్తరం; ముక్కలు బల్ల మీద పరిచేసి కూర్చునేవాడు)
ఇస్పేటు: రాజు, 9, 8
ఆఠీను: 7, 4, 2
డైమండు: ఆసు, రాజు, 6, 2
కళావరు: ఆసు, జాకీ, 5

డిక్లేరర్ (దక్షిణం; డమ్మీ ముక్కలు కూడా తనే ఆడేవాడు)
ఇస్పేటు: ఆసు, రాణి, జాకీ, 10, 6, 4, 3
ఆఠీను: ఆసు, రాణి
డైమండు: 7, 5, 3
కళావరు: 8

కాంట్రాక్టు, అంటే వేలంలో ఒప్పుకున్న మాట, ఆరు ఇస్పేట్లు; ఇస్పేటే తురుపు. పడమర వేసిన మొదటి ముక్క కళావరు రాజు. 13లో 12 ట్రిక్కులు తేవాలి (స్లామ్ అంటే అదే), ఒక్కటి పోయినా ఫరవాలేదు, రెండోది పోతే స్లామ్ పోయినట్టే.

తిరుపతి బైరాగిపట్టెడలో ఒక మేడగది మాది. వారాంతాల్లో సాయంత్రం పూట రెండు బల్లలు వేస్తాం, నలుగురేసి రెండు టీములు. ఒక బల్ల మీద ఆడిన ముక్కల్నే బోర్డులో పెట్టి రెండో బల్లకు పంపుతాం కాబట్టి ముక్కలు బాగా పడలేదన్న సాకు ఎవరికీ చెల్లదు. అవే ముక్కలతో అవతలివాళ్లు ఏం చేశారన్నదే లెక్క. పేకాట అనగానే ముఖం చిట్లించేవాళ్లకు నేను రెండు సంగతులు చెబుతుంటాను. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో పురుషుల జంటల బ్రిడ్జ్‌లో ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ మన దేశానికి బంగారు పతకం తెచ్చారు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని 1968లో సుప్రీంకోర్టు తేల్చిన కేసు మన ఆంధ్రప్రదేశ్‌దే. మా గదిలో అయితే డబ్బు పందెం లేదు. ఓడిన టీము టీలు, మిరపకాయ బజ్జీలు తెప్పించాలి, అంతే.

ఆ రోజు దక్షిణంలో కూర్చున్నది రిటైరైన డిగ్రీ కాలేజీ లెక్కల లెక్చరరు. అందరూ మాస్టారు అనే పిలుస్తాం. ఎదురుగా ఉత్తరంలో నేను. పడమరలో ఒక డాక్టరుగారు, తూర్పులో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు. వేలం గురించి ఎక్కువ చెప్పను. ఆయన ఒక ఇస్పేటు, నేను రెండు డైమండ్లు, ఆయన ఏకంగా మూడు ఇస్పేట్లు. నేను కళావరు ఆసు ఉందని చూపించాను, ఆయన ఆఠీను ఆసు చూపించారు. నాలుగు నోట్రంప్స్ అనే వేలం మాటతో కీ కార్డులు (నాలుగు ఆసులు, తురుపు రాజు) అడిగితే అయిదు ఇస్పేట్లు అన్నారు, అంటే రెండు కీ కార్డులు, తురుపు రాణి కూడా. నా దగ్గర మూడు ఉన్నాయి. అయిదూ ఇంట్లోనే ఉన్నప్పుడు ఆరుకు పోకపోతే ఎట్లా? వేలం అయ్యాక నా ముక్కలు బల్ల మీద పరిచాను. ఇక నాకు పని లేదు, నోరు విప్పే హక్కు అంతకన్నా లేదు. డమ్మీగా కూర్చుని స్లామ్ చూడటంలో ఉండే టెన్షన్ ఆడేవాడికి కూడా ఉండదు.

చేతిలో ఉన్న ట్రిక్కులు లెక్కపెడదాం. తురుపులు ఏడు, ఆఠీను ఆసు, డైమండు ఆసు రాజు, కళావరు ఆసు. మొత్తం 11. పోయే ప్రమాదం ఉన్నవి రెండు: మూడో డైమండు, ఆఠీను రాణి. ఈ రెంటిలో ఒకదాన్ని ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి.

చాలామందికి చేయి మొదట పోయేది ఆఠీను ఫినెస్ వైపు. డమ్మీ నుంచి చిన్న ఆఠీను ఆడి, తూర్పు చిన్నది వేస్తే రాణి పెట్టడం. రాజు తూర్పులో ఉంటే గెలుపు, పడమరలో ఉంటే ఓటమి. సరిగ్గా 50 శాతం. స్లామ్ దాకా వచ్చి బొమ్మా బొరుసా వేసుకోవడం నాకు నచ్చదు. కొత్తవాళ్లకు నేను చెప్పేది కూడా ఇదే: ఫినెస్ ఎక్కడికీ పోదు, చివర్లో కూడా ఉంటుంది, ముందు మిగతావన్నీ చూడండి.

రెండో దారి అక్కడే మొదలవుతుంది. తురుపులు లాగేశాక డైమండు ఆసు, రాజు ఆడి, మూడో డైమండు వదిలేయాలి. బయట ఉన్న ఆరు డైమండ్లు చెరి మూడు పడి ఉంటే డమ్మీలోని నాలుగో డైమండు గెలుపు ముక్క అవుతుంది, దాని మీద ఆఠీను రాణిని పారేయొచ్చు. లేకపోతే అప్పుడు ఫినెస్ వేసుకోవచ్చు. చెరి మూడు పడే అవకాశం ఎంత? బయటి 26 ముక్కల్ని ఇద్దరికీ పదమూడేసి పంచే పద్ధతులు 1,04,00,600. అందులో డైమండ్లు 3-3గా పడేవి 20ని 1,84,756తో గుణిస్తే వచ్చే 36,95,120. అంటే 35.5 శాతం. మిగతావి 4-2 అయితే 48.5, 5-1 అయితే 14.5, 6-0 అయితే 1.5. కాబట్టి ఈ దారి లెక్క 35.5, దానికి మిగిలిన 64.5లో సగం కలిపితే ఇంచుమించు 68. ఒకదాని వెనక ఒకటి రెండు అవకాశాలు పట్టుకోవడం అంటే ఇదే. క్లబ్బుల్లో బాగా ఆడేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడికి వచ్చి ఆగిపోతారు. అది తప్పని నేను అనను.

మాస్టారు అక్కడ ఆగలేదు. కళావరు రాజు బల్ల మీద పడగానే కళ్లజోడు పైకి నెట్టుకుని కాసేపు డమ్మీ వైపే చూస్తూ కూర్చున్నారు. అప్పుడే నాకు అర్థమైంది, ఆయన చూస్తున్నది డైమండ్లను కాదు, కళావరు జాకీని.

పడమర రాజు లీడ్ చేశాడంటే, అంటే మొదటి ముక్కగా వేశాడంటే, రాణి కూడా ఆయన దగ్గరే ఉందని దాదాపు ఖాయం. ఆసు మన దగ్గర ఉన్నప్పుడు రాణి లేకుండా వట్టి రాజును ఎవరూ బయటికి తీయరు. అంటే డమ్మీ కళావరు జాకీని ఆడితే ఆ ట్రిక్ గెలిచేది పడమరే, తూర్పు కాదు. ఆ ట్రిక్ మీద చేతిలోంచి మూడో డైమండును పారేస్తే? ఎలాగూ పోయే డైమండు, ఎలాగూ పోయే జాకీతో పాటే పోతుంది, రెండూ కలిసి ఒకే ట్రిక్. పైగా గెలిచినవాడు మనకు కావలసిన మనిషి. పడమర ఆఠీను ఆడితే అది ఆసు-రాణిల్లోకే వస్తుంది.

అయితే ఈ జాకీని రెండో ట్రిక్కులోనే ఆడేస్తే పని జరగదు. పడమరకు బయటపడే దారులు మూడున్నాయి: తురుపు, కళావరు, డైమండు. ఒక్కోదాన్ని ముందే మూసెయ్యాలి. ఆయన ఆడిన వరస చూడండి.

మొదటి ట్రిక్ ఆసుతో గెలిచారు, తూర్పు 2 వేశాడు. వెంటనే డమ్మీ నుంచి కళావరు 5 ఆడి, చేతిలో ఇస్పేటు 10తో కోశారు, అంటే తురుపు వేసి గెలిచారు. తూర్పు 4, పడమర 7. ఈ చిన్న కోత చాలామంది మర్చిపోయేది. 5ను డమ్మీలో ఉంచేసి జాకీ ఆడితే, పడమర రాణితో గెలిచి హాయిగా మళ్లీ కళావరే ఆడతాడు. డమ్మీ 5 వేస్తుంది, చేతిలో కోయక తప్పదు, మళ్లీ ఆఠీను మన నెత్తినే పడుతుంది. 5 ముందే వెళ్లిపోతే, జాకీ తర్వాత కళావరు డమ్మీలోనూ లేదు, చేతిలోనూ లేదు. అప్పుడు పడమర కళావరు ఆడితే ఒక చేత్తో కోసి, ఇంకో చేతిలోంచి పారేయొచ్చు.

మూడో ట్రిక్ ఇస్పేటు ఆసు. పడమర 2, డమ్మీ 8, తూర్పు 7. నాలుగోది రాణి. పడమర 5, డమ్మీ 9, తూర్పు ఒక చిన్న ఆఠీను పారేశాడు. బయట ఉన్న మూడు తురుపులూ వచ్చేశాయి, 2-1. డమ్మీలో ఇస్పేటు రాజు ఒంటరిగా మిగిలింది. ఆ రాజును అలా ఉంచడమే ప్రాణం. చేయి ఊరుకోక ఇంకో రౌండు తురుపు లాగేవాళ్లను చూశాను. అలా చేస్తే రాజు పోతుంది, పడమర కళావరు ఆడినప్పుడు డమ్మీలో కోయడానికి ఏమీ ఉండదు, నాలుగో డైమండు గెలిచినా డమ్మీకి వెళ్లే దారి ఉండదు. తురుపులు 3-0 పడితే మూడో రౌండు లాగక తప్పదు కాబట్టి ఈ దారి బలం చాలా తగ్గిపోతుంది. అది 22 శాతం సార్లు జరుగుతుంది. ఇక్కడ చెప్పే శాతాలన్నీ 2-1 అని తేలాకే.

అయిదో ట్రిక్ చేతిలోంచి డైమండు 3. పడమర 4, డమ్మీ ఆసు, తూర్పు 8. ఆరోది డమ్మీ నుంచి డైమండు రాజు. తూర్పు 9, చేతిలోంచి 5, పడమర జాకీ. జాకీ పడింది కదా అని పడమరకు రెండే డైమండ్లు ఉన్నాయని తేల్చేయకూడదు. రాణి, జాకీ, 4 ఉన్నవాడు కూడా ఇక్కడ జాకీ వేస్తాడు, డాక్టరుగారు అలాంటివి చేయగల మనిషే. కానీ తేల్చుకోవలసిన అవసరమే ఈ దారిలో లేదు, అందం అదే.

ఏడో ట్రిక్: డమ్మీ నుంచి కళావరు జాకీ. తూర్పు 6. మాస్టారు డైమండు 7 పారేశారు. పడమర రాణితో గెలిచాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం, ఏది పారేయాలి అన్నది అంత తేలిక కాదు. కొత్తవాళ్లు ఆఠీను రాణిని పారేస్తారు, ‘ఫినెస్ పీడా వదిలింది’ అనుకుంటారు. అలా చేస్తే చేతిలో డైమండు 7 ఉండిపోతుంది. పడమర చల్లగా ఒక ఆఠీను ఆడి ఆసుకు ఇచ్చేస్తాడు, డైమండు ఎప్పటికీ పోయేదే. డైమండును పారేసి ఆసు-రాణిలను అట్టిపెట్టుకుంటేనే పడమరకు ఆఠీను విషంలా మారుతుంది.

ఆ సమయానికి మిగిలినవి ఆరేసి ముక్కలు. చేతిలో నాలుగు తురుపులు, ఆఠీను ఆసు, రాణి. డమ్మీలో ఇస్పేటు రాజు, మూడు ఆఠీనులు, డైమండు 6, 2. పడమరలో ఆఠీను రాజు, 9, 6, 3, కళావరు 10, 3. డాక్టరుగారి పరిస్థితి తిరుమల కంపార్ట్‌మెంటులో కూర్చున్న భక్తుడిలా ఉంది: తలుపు ఎటు తీసినా వెళ్లేది మనం చెప్పిన వైపే. ఆఠీను ఆడితే రాణి గెలుస్తుంది. కళావరు ఆడితే డమ్మీ రాజుతో కోస్తుంది, చేతిలోంచి ఆఠీను రాణి పోతుంది. ఆయన చాలాసేపు ఆలోచించి కళావరు 10 వేశారు. డమ్మీ రాజు, చేతిలోంచి ఆఠీను రాణి. మిగిలిన అయిదూ చూపించి మాస్టారు ముక్కలు కింద పెట్టేశారు. పన్నెండు.

“ఏం సార్, ఎటూ కదలకుండా ఇరికించేసినారే,” అన్నారు డాక్టరుగారు.

ఇప్పుడు లెక్క. పడమరకు రెండో అంతకంటే తక్కువో డైమండ్లు ఉంటే ఆయన ఇరుక్కున్నట్టే, ఆఠీను రాజు ఎక్కడున్నా సరే. అది 32 శాతం. డైమండ్లు 3-3 అయితే పడమర మూడో డైమండు ఆడి బయటపడతాడు, కానీ దాన్ని చేతిలో కోయగానే డమ్మీలోని ఆఖరి డైమండు గెలుపు ముక్క అవుతుంది. ఇస్పేటు రాజుతో డమ్మీకి వెళ్లి, దాని మీద ఆఠీను రాణి పారేయొచ్చు. అది 35.5. పడమరకు నాలుగో అంతకంటే ఎక్కువో ఉంటేనే ఫినెస్ దాకా వెళ్లాలి, ఆ 32లో సగం 16. మొత్తం 84 శాతానికి దగ్గర. రెండో దారి 68. డైమండు ఆసు, రాజు మీద ఇద్దరూ ముక్కలు వేశాక 5-1, 6-0 కొట్టుకుపోతాయి కాబట్టి ఆ నిమిషంలో తేడా 71కి, 86కి మధ్య. నిజానికి 86 కూడా కాస్త తక్కువ అంచనాయే. పడమరలో కళావరు రాజు, రాణి ఉన్నాయని తెలుసు, దాంతోపాటు నాలుగు డైమండ్లు కూడా ఉంటే ఆయన చేతిలో ఆఠీనులకు చోటు తక్కువ. అంటే ఫినెస్ దాకా వెళ్లాల్సి వచ్చినప్పుడు రాజు తూర్పులో ఉండే అవకాశం సగానికి మించే.

రెండో బల్ల మీద కూడా కాంట్రాక్టు ఇదే, లీడ్ ఇదే. అక్కడి డిక్లేరర్ తురుపులు రెండు రౌండ్లు లాగి, డైమండు ఆసు, రాజు ఆడి, మూడో డైమండు వదిలాడు. పడమర డైమండు వేయలేదు. తూర్పు చేతిలో రాణి, 10, 9, 8 ఉండేవి. 10తో గెలిచి ఆఠీను జాకీ తిప్పాడు. రాణి పెడితే రాజు పడింది. ఒకటి డౌన్, అంటే ఒక ట్రిక్ తక్కువ. వల్నరబుల్ కాని బోర్డు (బోనసులు, జరిమానాలు తక్కువగా ఉండేది) కాబట్టి మాకు 980, ఆ బల్ల మీద మా టీము జంటకు 50, కలిపి 1030, అంటే 14 ఇంప్స్ (రెండు బల్లల తేడాను మార్చి వేసే టీము పాయింట్లు). అంత తేడా ఒక్క బోర్డులో అరుదుగా వస్తుంది. ఆ డిక్లేరర్ వాదన సబబే: “68 శాతం దారిలోనే కదా వెళ్లినాను.” నా అభ్యంతరం శాతం మీద కాదు. ఆయన లెక్కలో పడమర లీడ్ ఎక్కడా లేదు. కళావరు రాజు బదులు ఇంకేం వేసినా ఆయన అచ్చం అలాగే ఆడేవాడు. బల్ల మీద పడిన మొదటి ముక్క ఒక రాణి చిరునామా చెప్పింది, దాన్ని వినకుండా డైమండ్ల శాతాలు గుణించుకుంటూ కూర్చోవడం నాకు నచ్చనిది.

టీ తాగుతుంటే తూర్పు కుర్రాడు ఇంకో దారి పట్టుకొచ్చాడు. “సార్, ముందే ఒక డైమండు వదిలేసి, తురుపులన్నీ లాగేస్తే స్క్వీజ్ పడదా?” మంచి ప్రశ్న. స్క్వీజ్ అంటే అవతలివాడు ఉంచుకోవలసిన ముక్కనే పారేయక తప్పని ఇరకాటం. పడమరలో కళావరు రాణితో పాటు నాలుగు డైమండ్లు ఉంటే నిజంగానే పడుతుంది. ఆఖరి తురుపు మీద ఆయన కళావరు రాణిని పారేస్తే జాకీ గెలుస్తుంది, డైమండు పారేస్తే డమ్మీ 6 గెలుస్తుంది. జాకీ దారి ఫినెస్ మీద ఆధారపడే చోటే ఈ స్క్వీజ్ పనిచేస్తుంది, అందుకే చూడగానే ఆశ పుడుతుంది.

“అది సరే అబ్బా, ఆ మొదటి డైమండు నీ చేతికొస్తే ఏం తిప్పుతావు?” అన్నారు మాస్టారు.

“ఆఠీను, సార్.”

“అప్పుడు నేను రాణి పెట్టాల్నా, ఆసు పెట్టాల్నా?”

కుర్రాడు నవ్వేశాడు. డైమండ్లు ఎలా పడ్డాయో ఇంకా తెలియదు, అప్పుడే ఆఠీను తేల్చుకోవాలి. ఆసు పెడితే స్క్వీజ్ మీదో 3-3 మీదో నమ్మకం పెట్టుకున్నట్టు, అది 68 శాతమే. రాణి పెడితే 50. తూర్పు చేతికి అసలు ట్రిక్ ఇవ్వకుండా ఆడటమే జాకీ దారిలోని గొప్పతనం. ఫినెస్ చేయాల్సి వస్తే మన ఇష్టం వచ్చినప్పుడు, డైమండ్ల లెక్క పూర్తిగా తెలిసాకే చేస్తాం.

ఇక లీడ్ గురించి. పడమర కళావరు కాకుండా తురుపు వేసి ఉంటే స్లామ్ పోయేదా? డాక్టరుగారు అదే బాధపడ్డారు, కానీ అవసరం లేదు. తురుపు చేతిలో గెలిచి, ఇంకో రౌండు కూడా చేతిలోనే గెలిచి, డైమండు ఆసుకు వెళ్లి, కళావరు ఆసు, 5 కోత, మళ్లీ డైమండు రాజుకు వెళ్లి జాకీ. వరస మారినా చివరికి చేరేది అక్కడికే. తేడా ఏమిటంటే, రాణి ఎక్కడుందో ఇప్పుడు తెలియదు. అయినా భయం లేదు, జాకీ మీద తూర్పు ఏం వేస్తాడో చూశాకే మనం నిర్ణయించుకోవాలి. చిన్నది వేస్తే డైమండు పారేయడం, రాజో రాణో పడమర దగ్గర ఉంటే చాలు, ఆయనే గెలిచి ఇరుక్కుంటాడు. అందుకే తూర్పు కుర్రాడికి చెప్పాను: ఇలాంటి చోట నీ దగ్గర రాణి గానీ రాజు గానీ ఉంటే ఆలోచించకుండా జాకీ మీద వేసెయ్యి. డిక్లేరర్ కోయక తప్పదు, మూడో డైమండు చేతిలోనే ఉండిపోతుంది, దాన్ని వదిలి 3-3 కోసం చూడాల్సిందే, లేకపోతే ఫినెస్. 86 కాస్తా 71కి దిగుతుంది.